మొహమాటం లేకుండా ఫిఫ్త్ అవెన్యూ: పిల్లల దగ్గరికి వెళ్లే గోదావరి పెద్దలకు

అమలాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు... ఏ ఊరు తీసుకున్నా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు వీధికి ఒకటి రెండైనా కనిపిస్తాయి. పురుడు పోయడానికో, మనవడి పుట్టినరోజుకో, ఊరికే కొన్నాళ్లు ఉండి రావడానికో పెద్దవాళ్లు వెళ్తూనే ఉంటారు. పిల్లలుండేది న్యూజెర్సీ వైపైతే ఒక శనివారం న్యూయార్క్ ప్రయాణం తప్పదు. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, అన్నీ ఒక్క రోజులోనే. ఫిఫ్త్ అవెన్యూ వచ్చేసరికి మాత్రం కారు అద్దంలోంచి చూపించి, "అవన్నీ కోటీశ్వరుల షాపులమ్మా, మనకెందుకు" అని పోనిచ్చేస్తారు.

నన్నడిగితే, న్యూయార్క్‌లో పైసా ఖర్చు లేకుండా తీరిగ్గా చూడదగ్గ చోట్లలో అది ముందు వరసలో ఉంటుంది. టికెట్ లేదు, కొనాలన్న నియమం లేదు. మనకు అడ్డొచ్చేదల్లా మొహమాటం. రాజమండ్రి తాడితోటలోనో కాకినాడ మెయిన్ రోడ్డులోనో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ చేతికిచ్చి, యాభై చీరలు విప్పి కుప్ప పోశాక ఉత్త చేతులతో లేచి రావడం మన వల్ల కాదు. "పాపం, అంత కష్టపడి చూపించాడు" అని ఒకటైనా తెచ్చేసుకుంటాం. ఆ అలవాటుతో ఫిఫ్త్ అవెన్యూలోకి వెళ్తే రెండే జరుగుతాయి: గుమ్మం దగ్గరే ఆగిపోతాం, లేదా లోపలికి వెళ్లిన పాపానికి అక్కర్లేనిది కొంటాం. రెండూ జరగకుండా ఆ వీధిని ఎలా చూడాలో చెప్తాను.

ఊళ్లో ఉండగానే

ముందు బూట్లు. నడిచేది రెండు కిలోమీటర్లే అయినా, షాపుల్లో తిరిగేది, నిలబడేది కలిపితే అయిదారు గంటల పని. అమెరికా వెళ్లాక కొనుక్కుందాం అనుకోకండి. నెల ముందే మెత్తటి స్పోర్ట్స్ షూ కొని, రోజూ పొద్దున కాలవ గట్టు మీద నడిచి కాళ్లకు అలవాటు చేసుకోండి. చీర కింద స్పోర్ట్స్ షూ బాగుండదని మన అత్తయ్యలు, పిన్నులు అంటారు. న్యూయార్క్‌లో ఎవరూ ఎవరి పాదాలూ చూడరు. చీరే కట్టుకోండి, ఇబ్బందేమీ లేదు. మంచి చేనేత చీరైతే, బండారులంక కాటన్ అయినా ఉప్పాడ జాందానీ అయినా సరే, షాపులో అమ్మాయిలే "ఎంత బాగుంది" అని అడుగుతారు. బట్ట విలువ తెలిసినవాళ్లు వాళ్లు.

తర్వాత బంగారం. ఒంటి మీద పెద్ద గొలుసులు, గాజులు వేసుకుని వెళ్లే అలవాటుంటే, బయలుదేరేటప్పుడు మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లోనే వాటికి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది ఉంటే తిరిగి వచ్చేటప్పుడు "ఇది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందే" అని చూపించవచ్చు. ఆ తిరుగుడు వద్దనుకుంటే నగలు లాకర్లో పెట్టి, సన్న గొలుసుతో వెళ్లండి. నా ఓటు రెండోదానికే.

మూడోది కార్డు. 2020 నుంచి మన బ్యాంకులు కొత్తగా ఇచ్చే కార్డులు మామూలుగా దేశం లోపలే పనిచేసేలా వస్తాయి. విదేశాల్లో వాడాలంటే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేసుకోవాలి. చాలా కార్డులకు డాలర్ ఖర్చు మీద మూడు, మూడున్నర శాతం దాకా అదనపు చార్జీ, దాని మీద జీఎస్టీ పడతాయి. ఆ శాతం ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. అక్కడ పిల్లల కార్డుతో కొని, రూపాయల్లో వాళ్ల ఇండియా అకౌంట్‌లో వేసేవాళ్లూ ఉన్నారు. అది మీ ఇంటి లెక్క.

ఏ రోజు, ఏ వేళ

శని ఆదివారాలు వద్దు. పిల్లలకు సెలవు అప్పుడే కదా అంటారు, నిజమే. కానీ శనివారం మధ్యాహ్నం ఆ ఫుట్‌పాత్‌ల మీద పుష్కరాల రేవంత జనం. వారం మధ్యలో ఒకరోజు కోడలో అల్లుడో ఇంటి నుంచి పనిచేసే రోజు చూసుకుని, లేదా దారి తెలుసుకుని దంపతులిద్దరే వెళ్లండి. చాలా షాపులు పది, పదకొండు గంటలకు తెరుస్తారు. ఆదివారం ఇంకా ఆలస్యం. పదకొండుకి అక్కడ ఉంటే బాగా ఖాళీగా, సేల్స్ వాళ్లు ఓపికగా ఉంటారు.

ఊరేగింపులున్న రోజులు చూసుకోండి. మార్చి 17న సెయింట్ పాట్రిక్స్ డే పెరేడ్, జూన్ రెండో ఆదివారం ప్యూర్టోరికన్ పెరేడ్ ఈ వీధిలోనే నడుస్తాయి. మన ఇండియా డే పెరేడ్ ఆగస్టులో, పక్కనున్న మాడిసన్ అవెన్యూలో. డిసెంబరులో అద్దాల వెనక క్రిస్మస్ అలంకరణ చూడటానికి రెండు కళ్లూ చాలవు. చలి, రద్దీ కూడా అదే స్థాయిలో ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు హాయి.

అక్కడికి చేరడం

ఎడిసన్, మెటుచెన్, మెట్రోపార్క్, ప్రిన్స్‌టన్ జంక్షన్ వైపు నుంచి ఎన్‌జే ట్రాన్సిట్ రైలు ఉంది. కారు వద్దు, పార్కింగ్ ఖర్చుతో ఒక పూట భోజనం వస్తుంది. 62 ఏళ్లు దాటినవాళ్లకు వయసు చూపే గుర్తింపు కార్డు ఉంటే తగ్గింపు టికెట్ ఇస్తారు. టికెట్ రైలెక్కే ముందే మెషీన్‌లోనో యాప్‌లోనో తీసుకోండి.

ఒక్క జాగ్రత్త. దారిలో న్యూవార్క్ పెన్ స్టేషన్ అని ఒకటి వస్తుంది. మీరు దిగాల్సింది న్యూయార్క్ పెన్ స్టేషన్. మైకులో రెండూ ఒకేలా వినిపిస్తాయి. "పెన్ స్టేషన్" అనగానే లేచిపోకండి. న్యూయార్క్‌ది ఆఖరి స్టేషన్, నది కింద సొరంగం దాటాకే వస్తుంది. జెర్సీ సిటీలో ఉన్నవాళ్లకు పాత్ రైలు ఉంది, అది 33వ వీధి దగ్గర దింపుతుంది.

పెన్ స్టేషన్ నుంచి అందరూ చేసేది 34వ వీధిలో తూర్పుకు నడిచి, ఎంపైర్ స్టేట్ దగ్గర ఫిఫ్త్ అవెన్యూ ఎక్కి, పైకి నడవడం. అలా చేస్తే అసలు షాపుల దగ్గరికి వెళ్లేసరికే కాళ్లు చచ్చుబడిపోతాయి. మీరు తిరగేసి చేయండి. 34వ వీధిలోనే మేసీస్ అనే పెద్ద షాపు దాటాక హెరాల్డ్ స్క్వేర్ సబ్‌వే స్టేషన్ ఉంటుంది. అక్కడ "అప్‌టౌన్ అండ్ క్వీన్స్" అని రాసిన వైపు దిగి, పసుపు బిళ్ల మీద ఎన్, ఆర్, డబ్ల్యూ అని ఉన్న ఏ రైలైనా ఎక్కండి. క్యూ అన్న అక్షరానికీ పసుపు బిళ్లే ఉంటుంది కానీ అది మీకు కావలసిన చోట ఆగదు, ఎక్కకండి. బ్యాంకు కార్డునో ఫోన్‌నో గేటు దగ్గర తాకిస్తే చాలు, ఒకే కార్డుతో ఇద్దరూ వెళ్లవచ్చు, విడివిడిగా తాకించాలంతే. "ఫిఫ్త్ అవెన్యూ 59వ వీధి" స్టేషన్‌లో దిగితే మెట్లెక్కగానే సెంట్రల్ పార్క్ మూల.

ఇక అక్కడి నుంచి దక్షిణానికి నడక. కార్లూ బస్సులూ కూడా ఆ వీధిలో దక్షిణానికే పోతాయి, వన్‌వే. వీధి నంబర్లు తగ్గుతూ వస్తే మీరు సరిగ్గా వెళ్తున్నట్టు. ఇరవై వీధులు దాటితే సుమారు ఒక మైలు. 59 నుంచి 34 దాకా రెండు కిలోమీటర్లు, నడక ఆగిన చోట ఇంటికి వెళ్లే రైలు. ఇంకో చిన్న సూత్రం: ఫిఫ్త్ అవెన్యూకు తూర్పున ఉన్నది ఈస్ట్ 53వ వీధి, పడమరగా ఉన్నది వెస్ట్ 53వ వీధి. తూర్పు పడమర చెప్పకుండా అడ్రస్ చెప్తే ఫోన్ మ్యాప్ కూడా తికమక పడుతుంది.

59 నుంచి 49 దాకా, ఏం చూడాలి

మూలనే 1907లో కట్టిన ప్లాజా హోటల్. ఎదురుగా నేల మీద 32 అడుగుల గాజు పెట్టె, ఆపిల్ వాళ్లది. షాపు దాని కింద నేలమాళిగలో ఉంటుంది, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. మొహమాటం వదిలించుకోవడానికి ఇదే మొదటి బడి. లోపల ప్రతి వస్తువూ తాకి చూడమనే పెట్టి ఉంచుతారు, ఎవరూ ఏమీ అనరు.

58వ వీధి దగ్గర బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్. ఒకప్పుడు వాండర్‌బిల్ట్ కుటుంబం మేడ ఉన్న స్థలంలో 1928 నుంచి ఉన్న షాపు. దీని అద్దాల అలంకరణకే పేరు. పైన ఇంటి సామాన్ల అంతస్తులో టేబుల్ బట్టలు, నేప్‌కిన్లు ఉంటాయి. నర్సాపురం వైపు ఆడవాళ్లు అక్కడ ఒక పది నిమిషాలు ఆగాలి. 1844 నుంచి, స్కాట్లండ్ మిషనరీ మక్రే దంపతుల కాలం నుంచి లేసు అల్లుతున్న ప్రాంతం మనది. ఆ క్రోషే లేసుకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చేత్తో అల్లిందో మెషీన్‌దో తిరగేసి చూసి చెప్పగల కళ్లు మీవి. ధర చీటీ చూశాక, మన దగ్గర అల్లినవాళ్లకు ఎంత కూలి గిడుతోందన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

57వ వీధి మూలన టిఫనీ. 1940లో కట్టిన భవనం, బాగు చేసి 2023లో మళ్లీ తెరిచారు. ఈ వీధిలో ఒక్క షాపులోకే వెళ్లే ఓపిక ఉంటే ఇక్కడికి వెళ్లండి. కింది అంతస్తులో 128.54 క్యారెట్ల పసుపు వజ్రం పెట్టి ఉంటుంది, 1877లో దక్షిణాఫ్రికాలో దొరికింది. టికెట్ పెట్టి మ్యూజియంలో చూడాల్సిన రాయిని ఊరికే చూసి రావచ్చు. సెక్యూరిటీవాళ్లు చుట్టూ ఉంటారు, వాళ్ల పని వాళ్లది.

56వ వీధి దగ్గర హ్యారీ విన్‌స్టన్ వజ్రాల షాపు. లోపలికి వెళ్లకపోయినా ఒక నిమిషం ఆగండి. ఆ పేరుగల వ్యాపారి దగ్గరే ఒకప్పుడు హోప్ డైమండ్ ఉండేది. 45.52 క్యారెట్ల నీలం రాయి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చరిత్రకారుల మాట. 1958లో ఆయన దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. పంపింది దేనిలో అనుకున్నారు? రిజిస్టర్డ్ పోస్టులో. పక్క నది రాయే అయినా, తెలుగు నేల రాయి కదా.

52వ వీధి మూలన కార్టియే. ఆ మేడ చేతులు మారిన కథ విన్నాక దాన్ని మామూలుగా చూడలేరు. 1917లో దాని యజమాని భార్యకు కార్టియే వారి రెండు పేటల ముత్యాల దండ మీద మనసు పడింది. దాని ఖరీదు అప్పట్లో పది లక్షల డాలర్లు. ఆ దండ, పైన వంద డాలర్లు తీసుకుని మేడ ఇచ్చేశారు. సముద్రంలో సహజంగా దొరికే ముత్యాల కాలం అది. తర్వాత పెంపకం ముత్యాలు మార్కెట్లోకి వచ్చి ముత్యం ధర పడిపోయింది, మేడ ధర మాత్రం పెరుగుతూ పోయింది. నగ కొనాలా స్థలం కొనాలా అన్న వాదన ప్రతి ఇంట్లో ఉన్నదే, ఈ గోడ ముందు నిలబడి తేల్చుకోండి.

50, 51 వీధుల మధ్య సెయింట్ పాట్రిక్స్ చర్చి. 1879లో తెరిచారు, ప్రవేశం ఉచితం. ఏ మతంవారైనా బల్ల మీద కూర్చుని కాళ్లకు విశ్రాంతి ఇవ్వవచ్చు. ఎదురుగా రాక్‌ఫెల్లర్ సెంటర్, పక్కనే 1924 నుంచి ఉన్న సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ.

మధ్యలో ఉన్న మిగతా పేర్లన్నీ చెప్పను. సగం షాపుల్లో సరుకు వేరైనా చూపించే పద్ధతి ఒకటే, మూడు చూస్తే ముప్పై చూసినట్టే.

గుమ్మం దాటాక

కోటు వేసుకున్నాయన తలుపు తీసి పట్టుకుంటాడు. మిమ్మల్ని పరీక్షించడానికి కాదు, అందరికీ తీస్తాడు. "గుడ్ మార్నింగ్" అని నవ్వి లోపలికి వెళ్లండి. కొన్ని షాపుల ముందు తాడు కట్టి క్యూ ఉంటుంది. లోపల ఒక్కో కస్టమర్‌కు ఒక్కో సేల్స్ మనిషి ఉండాలని అలా ఆపుతారు. నిలబడే ఓపిక లేకపోతే పక్క షాపుకు వెళ్లిపోండి.

చెప్పులు, బూట్లు బయట విప్పొద్దు. ఇది రాయాల్సిన మాటేనా అనిపించవచ్చు. తెల్ల పరుపుల కొట్లకు అలవాటుపడిన కాళ్లు మెత్తటి తివాచీ చూడగానే ఆగుతాయి మరి.

లోపలికి వెళ్లగానే ఎవరో ఒకరు "హౌ ఆర్ యూ టుడే?" అంటారు. మీ బీపీ, షుగర్ సంగతి చెప్పనక్కర్లేదు. "గుడ్, థాంక్యూ. జస్ట్ లుకింగ్" అంటే సరిపోతుంది. ఈ రెండు ముక్కలే ఆ వీధి మొత్తానికీ తాళంచెవి. ఆ మాట వినగానే వాళ్లు నొచ్చుకోరు, రెండడుగులు వెనక్కి వెళ్లి మిమ్మల్ని మీ మానాన వదిలేస్తారు. రోజంతా అదే మాట వినే ఉద్యోగం వాళ్లది.

డిపార్ట్‌మెంట్ స్టోర్లలో బయట పెట్టినవి తాకవచ్చు. ఒకే బ్రాండ్ ఉన్న షాపుల్లో మాత్రం చేయి వేయకుండా అడగండి: "కెన్ ఐ సీ దట్ వన్?" చేతికి గ్లవ్స్ వేసుకుని, ట్రేలో పెట్టి చూపిస్తారు. ధర అడగడం తప్పు కాదు, చీటీ చాలాసార్లు బ్యాగు లోపలి అరలో దాక్కుని ఉంటుంది. విన్నాక ముఖంలో ఆశ్చర్యం కనిపించినా ఫర్వాలేదు, అమెరికన్లకూ కనిపిస్తుంది. మంచినీళ్లు ఇస్తే తాగండి. ఆ గ్లాసు నీళ్లకు మీరేమీ బాకీ పడరు. చూడటం అయ్యాక "థాంక్యూ, ఐ విల్ థింక్ అబౌట్ ఇట్" అని వచ్చేయండి. రేపు మళ్లీ వస్తామనో, అబ్బాయిని అడిగి చెప్తామనో సంజాయిషీలు వద్దు.

ఫొటోలు తీసే ముందు అడగండి, ముఖ్యంగా నగల దగ్గర. సోఫా ఉంటే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టి మీరు తిరగండి, అవి భర్తల కోసమే వేసినట్టుంటాయి. ఇంకోటి, తెలుగు ఎవరికీ రాదన్న ధైర్యంతో "ఈ బ్యాగుకి ఇంతా? మా రావులపాలెం సంతలో..." అని గట్టిగా మొదలెట్టకండి. న్యూయార్క్‌లో ఆ ధైర్యం పనికిరాదు, పక్కనున్న అమ్మాయిది తాడేపల్లిగూడెం అయ్యుండవచ్చు.

బేరం లేదు. "ఫైనల్‌గా ఎంతకిస్తారు" అన్న మాటకు అక్కడ అర్థమే తెలియదు. మన ఆషాఢం సేల్ లాంటిది డిపార్ట్‌మెంట్ స్టోర్లలో వేసవి మొదట్లోనూ, క్రిస్మస్ అయ్యాకనూ ఉంటుంది. లూయీ విటాన్ లాంటి వాళ్లు అసలు డిస్కౌంటే ఇవ్వరు.

ధర చీటీ చదవడం

ప్రతి చీటీనీ రూపాయల్లోకి మార్చుకుంటూ పోతే పది నిమిషాల్లో తల తిరుగుతుంది. ఒక్కసారి మార్చి, ఆశ్చర్యపోయి, తర్వాత వదిలేయండి. ఆ ధరలో అద్దె ఎంతుందో తెలిస్తే కొంత ఊరట. కుష్‌మన్ అండ్ వేక్‌ఫీల్డ్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ ప్రపంచంలోని ఖరీదైన షాపింగ్ వీధుల లెక్క వేస్తుంటుంది. 2023లో ఈ వీధి పైభాగంలో చదరపు అడుగుకు ఏడాది అద్దె 2,000 డాలర్లని, ప్రపంచంలో అదే ఎక్కువని తేల్చింది. 2024లో మిలాన్‌లోని మోంటెనపోలియోనే వీధి దీన్ని దాటింది. ఒక కుర్చీ వేసే నాలుగు చదరపు అడుగుల చోటుకు ఏడాదికి 8,000 డాలర్లు! బ్యాగు కొన్నవాళ్లు తోలుకు ఎంతిస్తున్నారో, ఆ నేలకు ఎంతిస్తున్నారో లెక్క వేసుకోండి.

చీటీ మీద ఉన్నది ఆఖరి ధర కాదు. న్యూయార్క్ సిటీలో అమ్మకం పన్ను 8.875 శాతం బిల్లు వేసేటప్పుడు కలుపుతారు. 2,000 డాలర్ల హ్యాండ్‌బ్యాగు 2,177.50 అవుతుంది. బట్టలు, చెప్పులు ఒక్కోటి 110 డాలర్లలోపు ఉంటే ఈ పన్ను లేదు. యూరప్‌లోలాగా టూరిస్టులకు ఎయిర్‌పోర్టులో పన్ను వెనక్కి ఇచ్చే పద్ధతి న్యూయార్క్‌లో లేదు, ఎవరైనా ఇప్పిస్తామంటే నమ్మకండి. నది దాటి న్యూజెర్సీకి వస్తే బట్టలకు, బూట్లకు ధర ఎంతైనా అమ్మకం పన్నే లేదు. హ్యాండ్‌బ్యాగులు, నగల మీద 6.625 శాతం ఉంటుంది. అందుకే చొక్కాలు, బూట్లు, చుట్టాలకు పంచే సరుకు ఎలిజబెత్‌లోని జెర్సీ గార్డెన్స్ లాంటి చోట కొనుక్కోవాలి. వియ్యాలవారి బహుమతులు ఫిఫ్త్ అవెన్యూలో కొనడం మొదలుపెడితే మళ్లీ ఏడు అంతకు తగ్గకుండా తేవాల్సి వస్తుంది, ఆలోచించుకోండి.

బంగారం సంగతి విడిగా చెప్పాలి. మనకు నగ అంటే 22 క్యారెట్లు, 916 ముద్ర, గ్రాము ధర, తరుగు, మజూరీ. ఆ వీధిలో నగలు ఎక్కువగా 18 క్యారెట్లవి, అంటే నూటికి 75 పాళ్లు బంగారం. గ్రాము లెక్క ఉండదు, తూకం వేసి చూపించరు, పేరుకీ డిజైన్‌కీ కలిపి ఒకే ధర. రేపు నర్సాపురంలోనో రాజమండ్రిలోనో మార్చుకుందామంటే కంసాలి బంగారం బరువు మాత్రమే కడతాడు. ఆస్తిగా బంగారం కొనాలనుకుంటే మన ఊరి కొట్టే మేలు. పెళ్లి రోజుకు అబ్బాయి ముచ్చటపడి ఒక చిన్న వెండి లాకెట్ కొనిపెడతానంటే అది వేరే సంగతి, వద్దనకండి.

కొనే పక్షంలో

ఎంత దాకా కొనాలో ఇంట్లోనే అనుకుని వెళ్లండి. నచ్చాక వెంటనే కార్డు తీయకుండా బయటికి వచ్చి రెండు వీధులు నడవండి. అప్పటికీ మనసు అక్కడే ఉంటే వెనక్కి వెళ్లి, మొదట చూపించిన మనిషినే పిలవండి. చాలాచోట్ల వాళ్లకు కమిషన్ ఉంటుంది. వాపసుకు ఎన్ని రోజులు గడువో, డబ్బు తిరిగి ఇస్తారో స్టోర్ క్రెడిట్టే ఇస్తారో కొనే ముందే అడగండి. అతి తెల్లగా, మెత్తగా ఉన్న బ్యాగులు కొనకండి, మన ఉప్పు గాలికీ ఉక్కకీ ఒక వానాకాలం తట్టుకోవడం కష్టం.

ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి పెద్ద బ్రాండ్ల పేర్లున్న బ్యాగులు అమ్మేవాళ్లు కనిపిస్తే అవి నకిలీవి. కాషాయ బట్టల్లో ఎవరైనా నవ్వుతూ చేతికి పూసల దండ తొడిగితే, తర్వాత విరాళం పుస్తకం చాపుతారు. మన పెద్దవాళ్లు కాషాయం చూడగానే నమస్కారం పెట్టేస్తారు. నమస్కారం పెట్టండి, చేయి మాత్రం చాపకండి.

పాస్‌పోర్టు, ఐ-94 కాగితం (మీరు అమెరికాలోకి వచ్చినట్టు చూపే పత్రం) దగ్గర ఉంచుకోండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. వాటిని లోపలి జేబులో, జిప్ వేసి పెట్టుకోవాలి.

బాత్రూమ్, భోజనం

షుగర్ ఉన్నవాళ్లకు అసలు టెన్షన్ ఇదే, గైడ్‌బుక్కుల్లో చివరి పేజీలో రాస్తారు. బెర్గ్‌డార్ఫ్, సాక్స్ లాంటి డిపార్ట్‌మెంట్ స్టోర్ల పై అంతస్తుల్లో బాత్రూములు ఉంటాయి, ఎవరినైనా "రెస్ట్‌రూమ్?" అంటే చూపిస్తారు. 56, 57 వీధుల మధ్య ట్రంప్ టవర్ కింది భాగం జనానికి తెరిచి ఉంచాల్సిన స్థలం, అక్కడా ఉన్నాయి. రాక్‌ఫెల్లర్ సెంటర్ కింద నేలమాళిగలో ఉన్నాయి. 42వ వీధి దగ్గర రెండు రాతి సింహాలు కాపలా ఉన్న పబ్లిక్ లైబ్రరీ, దాని వెనక బ్రయంట్ పార్క్. ఆ పార్క్ బాత్రూమ్‌లో పూలగుత్తులు కూడా పెడతారు. చిన్న బ్రాండ్ షాపుల్లో అడిగి కాదనిపించుకోవడం కన్నా ఈ నాలుగూ గుర్తుపెట్టుకోవడం నయం.

భోజనం ఇంటి నుంచి తీసుకెళ్లండి. పులిహోర డబ్బా, పెరుగన్నం బ్రయంట్ పార్క్‌లో ఆకుపచ్చ కుర్చీల మీద కూర్చుని తింటే ఎవరూ వింతగా చూడరు, మధ్యాహ్నం ఆఫీసువాళ్లంతా అక్కడే డబ్బాలు విప్పుతారు. బండి మీద ఫలాఫెల్ దొరుకుతుంది, శాకాహారమే, కానీ అదే పెనం మీద మాంసం కూడా వేస్తారు. పట్టింపున్నవాళ్లు అడిగి తీసుకోండి. సాంబారు లేకపోతే కుదరదంటే లెక్సింగ్టన్ అవెన్యూలో 26 నుంచి 29 వీధుల మధ్య మన హోటళ్లు వరసగా ఉన్నాయి.

తిరుగు దారి

42 దాటాక షాపులు మామూలువే. 34 దగ్గర 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌ను కింద నుంచే చూసి, కుడివైపు తిరిగి పెన్ స్టేషన్‌కు. సాయంత్రం నాలుగున్నరకల్లా రైలెక్కితే కూర్చోవడానికి చోటుంటుంది, అయిదు దాటితే ఆఫీసు జనం. బోర్డు మీద ట్రెంటన్ అన్న రైలు చూడండి. అన్నీ ఎడిసన్‌లో ఆగవు, ఆగే స్టేషన్ల జాబితా చదువుకోండి. ఏ ప్లాట్‌ఫాం అన్నది ఆఖరి నిమిషాల్లోనే వేస్తారు. అందరూ పరుగెత్తుతారు. మీరు పరుగెత్తకండి, ఇంకో రైలు వస్తుంది.

ఖరీదైనది ఏదైనా కొని ఉంటే బిల్లు సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. డ్యూటీ లేకుండా ఎంత విలువ తేవచ్చో, బంగారం ఎంతో, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో మన కస్టమ్స్ వెబ్‌సైట్ చూడమని పిల్లలకు చెప్పండి. పరిమితి దాటితే రెడ్ చానెల్‌లో, అంటే డ్యూటీ కట్టాల్సినవాళ్ల దారిలో, చెప్పి కట్టేయడమే. చీటీ చించేసి "వాడిన బ్యాగండీ" అనే తెలివి అక్కడివాళ్లు రోజూ చూస్తుంటారు.

ఆఖరిది గోదావరి వాళ్లకే ఉన్న చిక్కు. అమెరికా విమానంలో రెండు పెద్ద పెట్టెలు ఇస్తారు. శంషాబాద్‌లో దిగి రాజమండ్రికి విడిగా టికెట్ తీసుకుంటే డొమెస్టిక్‌లో మామూలుగా మనిషికి 15 కిలోలే. మిగతా బరువుకు కట్టే డబ్బుతో ఇంటి దాకా కారు వచ్చేస్తుంది. అందుకే రాజమండ్రి కూడా ఒకే టికెట్ మీద ఉండేలా మొదట్లోనే బుక్ చేయించుకోండి. లేదా శంషాబాద్ నుంచి పెట్టెలతో సహా కారెక్కండి, ఓపికుంటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు చూసుకోండి.